గునుగు పూలతో గోడాదరాకు

సూరత్ పేరు చెప్తే మా ఊళ్ళో ఎవరికైనా చీరలే గుర్తొస్తాయి. ఆ దసరా దాకా నాకూ అంతే. ఇప్పుడు మాత్రం కలుపు గుర్తొస్తుంది. నవ్వుకోండి, ఫరవాలేదు. మొత్తం చదివాక కూడా నవ్వొస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

నేను పరకాల దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. కరోనా మొదటి ఏడాది లాక్‌డౌన్ పెట్టగానే సూరత్ నుంచి, భీవండి నుంచి, హైదరాబాద్ నుంచి మా ఊరి పిల్లలంతా తిరిగొచ్చారు. పనుల్లేవు. అరుగుల మీద కూర్చుని పొద్దస్తమానం ఫోన్లు గోకుతుంటే నాకు ఒళ్ళు మండేది. చూస్తూ ఊరుకునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. బీడు పడ్డ మా చెలక చూపించి, "ఫోన్లు జేబుల పెట్టి గిది సాపు చేయిండ్రి" అన్నాను. మా యువ రైతు సంఘం అలా మొదలైంది.

కూరగాయల నారు పెంచారు. ఆకుకూరలు పండించారు. జబ్బుతో తలుపులు మూసుకున్న ఇళ్ళ ముందు కూరగాయల సంచి పెట్టి, గొళ్ళెం కొట్టి దూరం జరిగి నిలబడేవాళ్ళు. చేతగాని ముసలివాళ్ళ చేలల్లో వంతులు వేసుకుని కలుపు తీశారు. వీళ్ళను చూస్తే నాకు గర్వం. దాచుకోవాల్సిన పని నాకేం కనపడలేదు. సంఘంలో ముప్పై ఐదేళ్ళ లోపువాళ్ళే సభ్యులుగా ఉండాలని నియమం రాసింది నేనే. పెద్దవాళ్ళు చేరితే పిల్లల్ని మాట్లాడనివ్వరని నా భయం. అందుకని నేను కూడా సలహాదారునే తప్ప సభ్యురాలిని కాను.

సంఘం అధ్యక్షురాలు స్వప్న. పుట్టింది, పెరిగింది సూరత్‌లోని గోడాదరాలో. తండ్రి ఓదెలు అక్కడ సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. లాక్‌డౌన్‌లో కుటుంబమంతా ఊరికొచ్చింది. సాంచాలు మళ్ళీ తెరుచుకోగానే తల్లిదండ్రులు వెళ్ళిపోయారు, స్వప్న మాత్రం నానమ్మ దగ్గర ఆగిపోయింది. డిగ్రీ చదివిన పిల్ల మట్టి పిసుక్కుంటూ కూర్చోవడం ఓదెలుకు బొత్తిగా నచ్చలేదు.

రెండో ఏడు బతుకమ్మ ముందు ఒకరోజు తల్లి భాగ్య ఫోన్ చేసింది. కిందటేడు గోడాదరాలో బతుకమ్మే ఆడలేదని, ఈ ఏడు ఆడినా గునుగు లేదు, తంగేడు లేదు, బజారు బంతిపూలతో పేర్చాల్సిందేనని బాధపడింది.

"గునుగు నేను తెస్తనే అమ్మా" అంది స్వప్న.

వెనక నుంచి ఓదెలు గొంతు వినిపించింది. "తే చూద్దాం. గునుగు తెస్తే నీ సంఘం నీది, నేను మల్ల అడుగ. తేకపోతే ఇక్కడనే ఉండాలె. సచిన్‌ల ధాగా ఆఫీసుల నీకు నౌకరి చూసిన."

"సరే బాపూ, మాటంటే మాట."

సచిన్ అంటే సూరత్ పక్కనున్న పారిశ్రామిక వాడ, ధాగా అంటే నూలు. ఫోన్ స్పీకర్ మీద ఉంది. అక్కడే టమాటా నారుకు నీళ్ళు పెడుతున్న నేను అంతా విన్నాను. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద పందెమా అని నవ్వుకున్నాను కూడా.

రైల్లో వేడి సంచులు

మా వైపు కాని పాఠకులకు ఒక మాట. గునుగు చేలల్లో తనంతట తాను మొలిచే కలుపు. తెల్లగా, కొసన కొంచెం గులాబీ రంగుతో నిటారుగా నిలబడే పువ్వు. పత్తి రైతుకు శత్రువు, బతుకమ్మకు ప్రాణం. గునుగు, తంగేడు లేనిదే మా ఆడవాళ్ళకు బతుకమ్మ పేర్చినట్టే ఉండదు.

సంఘం పిల్లలంతా కలిసి గునుగు కోశారు, తంగేడు మొగ్గలు తెంపారు. పాలకూర, కొత్తిమీర వరంగల్ మార్కెట్టుకు పంపేటప్పుడు ఎలా చేస్తారో అలాగే గోనె సంచులు తడిపి, పూలు కుక్కి, పైన మళ్ళీ నీళ్ళు చల్లి మూతి బిగించారు. నేను కూడా చూసి భేష్ అన్నాను. స్వప్న, నరేశ్, నేను వరంగల్‌లో రైలెక్కాం. నరేశ్ మా సంఘంలో కోళ్ళ పని చూసే కుర్రాడు. రెండే విషయాల్లో ఘటికుడు, బరువు మోయడంలోనూ తినడంలోనూ.

బల్లార్షా దాటాక మాస్కులు ఒక్కొక్కటే గడ్డాల కిందికి జారాయి. భుసావళ్‌లో నరేశ్ అరటిపళ్ళు కొన్నాడు. అవి మన దగ్గరి కంటే పొడుగు, ధర మాత్రం తక్కువే. ఎదురు సీట్లో నందుర్‌బార్ వెళ్ళే ఒక మరాఠీ ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కలిపి దంచిన కారం విప్పి మాకూ పెట్టింది. పరాయివాళ్ళ చేతి ముద్ద తినడానికి జనం జంకే రోజులవి. ఆమె అవేం పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. నా నోరు మాత్రం చాలాసేపు మండింది.

సంచుల్లో ఏముందని అడిగింది. పూలన్నాడు నరేశ్. ఆమె కాలు సంచికి తగిలింది. వంగి చెయ్యి పెట్టి చూసి, "గరమ్ హై" అంది. లోపల వేడిగా ఉందట.

"బోగీలో ఉక్కపోత కదా" అన్నాను నేను. సైన్సు టీచర్ని మరి.

గోడాదరా

ఉధనా స్టేషన్‌లో ఓదెలు మా కోసం నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, మాటలు తక్కువ. "బాగున్నరా టీచరమ్మా" అని సంచులందుకుని ఆటోలో వేశాడు.

గోడాదరా సందుల్లో నడుస్తుంటే నేను గుజరాత్ వచ్చానా, సిరిసిల్ల వచ్చానా అనిపించింది. ఒక షాపు మీద తెలుగు బోర్డు, ఇంకో షాపులో సర్వపిండికి బియ్యప్పిండి, పైన బట్టలారేసిన డాబాలు, ఎక్కడి నుంచో ఆగకుండా సాంచాల చప్పుడు. పిల్లలు తల్లితో తెలుగు, దోస్తులతో హిందీ, కిరాణా అతనితో గుజరాతీ మాట్లాడుతున్నారు. ఒకే వాక్యంలో మూడూ మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు. మా స్కూల్లో ఇంగ్లిషు ఒక్కటి నేర్పడానికి మేం పడ్డ పాట్లు గుర్తొచ్చి నాకు కొంచెం కుళ్ళు పుట్టింది.

అక్కడ ఇళ్ళ సముదాయాన్ని సొసైటీ అంటారు. వాళ్ళ సొసైటీ వాకిట్లో ఆడవాళ్ళు తాంబాళాలు కూడా తెచ్చుకుని కూర్చున్నారు. ఊరి గునుగును ఏళ్ళ తర్వాత చూడబోతున్నామని ఒకామె కొత్త చీర కట్టుకొచ్చింది. నరేశ్ దర్జాగా మొదటి సంచి మూతి విప్పాడు.

ముందు వాసన వచ్చింది. తర్వాత నల్లటి ముద్ద బయటికి జారింది. రెండో సంచీ అంతే. తంగేడు మొగ్గలు రాలిపోయి ఉత్త పుల్లలు మిగిలాయి.

కొత్త చీర ఆమె మెల్లగా వచ్చి ఆ ముద్దను చేత్తో తిరగేసి, "గునుగుకు నీళ్ళెవరు వోసిండ్రు బిడ్డా? దాన్ని కోసి ఒట్టిగ నేల మీద పారేసినా దినాలకు దినాలు ఉంటది గద" అంది.

మా ఊళ్ళో ఏ ముసలమ్మను అడిగినా ఈ మాట చెప్పేది. మేం అడగలేదు. కూరగాయలు పంపీ పంపీ మాకు చేతనైంది చేశాం. స్వప్న సంచి మూతి మళ్ళీ కట్టింది, కళ్ళెత్తి తండ్రిని చూడలేదు. ఓదెలు తిట్టలేదు. "సోమవారం సచిన్ పోదాం" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఆదివారం, లోచో

మనసు బాగాలేనప్పుడు కూడా నరేశ్‌కు ఆకలి బాగానే వేస్తుంది. పొద్దున్నే లోచో తినాలని పట్టుబట్టాడు. శనగపప్పు నానబెట్టి రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తారు, గట్టిపడకుండా మెత్తగా చిదిమి, వెన్న, కారప్పొడి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. ఇడ్లీ వేయబోయి చెడగొట్టినట్టుందని నరేశ్ పెదవి విరిచి, ఆనక మూడు ప్లేట్లు తిన్నాడు.

ఇక్కడ చాయ్‌ని 'అడధీ' అని అడుగుతారు, సగం కప్పు అని అర్థం. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడం మర్యాద. పప్పులో బెల్లం వేస్తారు. "ఇన్నేండ్ల సంది తింటున్న, ఈ తీపి పప్పు ఇంక మింగుడు వడది" అన్నాడు ఓదెలు. ఆ రోజు ఆయన మాతో అన్న పొడుగు మాట అదే.

నవరాత్రులు. ఆ ఏడు పెద్ద మైదానాల్లో గర్బాకు అనుమతి లేదు, సొసైటీల్లో వరకే. సాయంత్రం పక్క సొసైటీలో ఆడుతుంటే చూశాను. మధ్యలో చిల్లుల మట్టికుండ, లోపల దీపం, చుట్టూ చప్పట్లు కొడుతూ ఆడవాళ్ళు. కుండ తీసి పూల గోపురం పెడితే మన బతుకమ్మే. మావాళ్ళు వాళ్ళ గర్బాకు వెళ్తారట, వాళ్ళు మన బతుకమ్మకు వస్తారట. నాకిది బాగా నచ్చింది. స్వప్న మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు.

సచిన్ రోడ్డు

సోమవారం ఓదెలు, స్వప్న, నేను, నరేశ్ సచిన్ వెళ్ళే ఆటో ఎక్కాం. మా ఇద్దరికీ అక్కడ పనేం లేదు. ఆ పిల్లను ఒక్కదాన్నే పంపబుద్ధి కాలేదు.

పారిశ్రామిక వాడ ఇంకా రాకముందే చెరకు తోటలు, జొన్నచేలు మొదలయ్యాయి. స్వప్న ఆటో అంచున కూర్చుని ఊరికే చూస్తోంది. ఉన్నట్టుండి డ్రైవర్ భుజం పట్టుకుని, "ఊభీ రాఖో భాయ్" అంది. ఆటో ఆగేలోపే దూకింది.

కంది చేను. దాంట్లో సగం కంది, సగం గునుగు. తెల్లగా విరగబూసి ఉంది. గట్టు పొడుగునా పీకి పారేసిన గునుగు కుప్పలు ఎండుతున్నాయి. మేం రైలెక్కించి, సీట్ల కింద దాచి, పసిపిల్లను కాసినట్టు కాసి తెచ్చిన పువ్వు గోడాదరాకు ఆటో దూరంలో దిక్కులేకుండా పడి ఉంది. గోడాదరా ఆడవాళ్ళకు ఇల్లు, సాంచాలు, బజారు తప్ప ఊరవతల ఏముందో చూసే తీరికే ఎన్నడూ దొరకలేదట. గుజరాత్‌లో గునుగు ఉండదని ఎవరో ఎప్పుడో అన్నారు, అందరూ నమ్మారు.

ఓదెలు గడియారం చూసుకున్నాడు. "ధాగా ఆఫీసు సేఠ్ ఎదురుచూస్తుంటడు."

"జర ఆగు బాపూ."

చేలో తలకు తెల్ల గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన, ఆయన భార్య వంగి కలుపు తీస్తున్నారు. కరోనా తర్వాత కూలీలు ఊళ్ళకు పోయినవాళ్ళు సగం తిరిగి రాలేదట, ఇద్దరే తంటాలు పడుతున్నారు. స్వప్న గుజరాతీలో మొదలుపెట్టింది. "కాకా, మీ చేను మేం సాపు చేస్తాం. కూలీ వద్దు. పీకిన గడ్డి మాకివ్వండి చాలు."

కాకా నడుం నిటారుగా చేసి ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "ఆ తో నీందణ్ ఛే, దిక్రీ" అన్నాడు. ఇది కలుపు తల్లీ అని. బర్రెలు కూడా పెద్దగా ముట్టవని చెప్పి, దీంతో ఏం చేస్తారన్నాడు.

"పూజ చేస్తాం."

ఆయన భార్యను పిలిచి మా ముందే ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె మాకు చల్లటి మజ్జిగ ఇచ్చింది, ఉప్పు, జీలకర్ర వేసి. బేరం కుదిరిందని నాకు అప్పుడర్థమైంది.

సచిన్‌లో సేఠ్ ఆలస్యమైనందుకు ముఖం ముడిచాడు గానీ, స్వప్నకు మూడు భాషలొచ్చని తెలియగానే ముడి విప్పాడు. దసరా అయిన తెల్లారి నుంచి రమ్మన్నాడు. స్వప్న సరేనంది.

కాకా చేను

స్వప్న తన చిన్ననాటి దోస్తులకు ఫోన్ చేసింది. వాళ్ళ కారఖానాలకు సెలవు రోజు పొద్దున్నే పదిహేను మంది దాకా మోటారు సైకిళ్ళ మీద దిగారు. సాంచాలు నడిపేవాళ్ళు, రంగుల కారఖానాలో చేసేవాళ్ళు, చీరలకు రాళ్ళు అంటించే అమ్మాయిలు. అందరూ తెలుగు పిల్లలే, ఒక్కరూ చేలో కాలు పెట్టినవాళ్ళు కాదు. ఒకడు తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. నల్లరేగడి వాటి సంగతి చూసుకుంది.

పూలు కనపడగానే పిల్లలు కొసలు తెంపడం మొదలుపెట్టారు. స్వప్న గొంతు లేచింది. "ఏయ్, పువ్వులు తెంపుడు కాదు. ఏరుతోని గుంజుండ్రి. మనం కాకకు చెప్పింది కలుపు తీస్తమని, పూలు ఏరుకుంటమని కాదు."

"పూలే గద కావాల్సింది" అన్నాడు తెల్ల బూట్లవాడు.

"నీకు పూలు కావాలె. కాకకు చేను కావాలె. ఏరు ఉంచితే మల్ల లేస్తది. ముందు ఆయన పని, ఎనుక మన పని."

నరేశ్ ఒక్కో వరుసలో నిలబెట్టి మొదలు దగ్గర పట్టి ఎలా లాగాలో చూపించాడు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. ఒకప్పుడు మా ఊరి అరుగుల మీద ఫోన్లు గోకిన స్వప్న, నరేశ్ వీళ్ళేనా అనుకున్నాను. ఛాతీ ఉబ్బింది, ఏం చేయను.

రాత్రి డ్యూటీ దిగి ఓదెలు వచ్చాడు, టిఫిన్ డబ్బా చేతిలో అలాగే ఉంది. మా ఊళ్ళో బావి ఎండి, ఉన్న ఎకరం వదిలేసి సూరత్ వచ్చిన మనిషి. గట్టు మీద నా పక్కన కాసేపు నిలబడ్డాడు. పిల్లలు మోపులు కట్టడం చేతగాక అవస్థ పడుతున్నారు, ఎత్తగానే విడిపోతున్నాయి. చెప్పులు విడిచి చేలోకి దిగాడు. నాలుగు గునుగు కాడలు మెలిపెట్టి తాడు చేసి, మోకాలితో నొక్కి మోపు బిగించాడు. ఇంకొకటి, మరొకటి. స్వప్న దూరం నుంచి చూసి తన వరుస తాను పీక్కుంటూ పోయింది.

మధ్యాహ్నం కాకా భార్య కాకీ జొన్నరొట్టెలు, బెల్లం, వెల్లుల్లి చట్నీ పంపింది. చేను సగానికి పైగా నల్లగా, శుభ్రంగా కనపడుతోంది. కాకా గట్ల వెంట తిరిగి చూసొచ్చి, కాలువ పక్కన ఖాళీగా ఉన్న నేల చెక్క చూపించాడు. ఇలాగే వచ్చి కలుపు తీసేట్టయితే అందులో మీకేం కావాలో పండించుకోండి అన్నాడు.

"గోంగూర" అని పదిహేను గొంతులూ ఒకేసారి అన్నాయి. గోడాదరా యువ రైతు సంఘం అక్కడే, మోపుల మీద కూర్చుని ఏర్పడింది.

సద్దుల నాడు

గునుగుకు ఈసారి ఎవరూ నీళ్ళు పోయలేదు. గదుల్లో ఆరబెట్టారు. కొసలకు రంగులద్దే పని రంగుల కారఖానా పిల్లలు తీసుకున్నారు. మా ఊళ్ళో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అద్ది సరిపెట్టుకుంటాం. వీళ్ళు చీరల అంచుల్లో ఉండే రంగులన్నీ దింపారు. నీళ్ళలో కలిసేదానికి ఇన్ని రంగులెందుకురా అని నేను గొణిగితే, నా నోటికి భయపడి సగం తెల్లగానే ఉంచారు. తంగేడు దొరకలేదు. దాని చోట బంతి పెట్టారు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

సద్దుల బతుకమ్మ అంటే పండుగ ఆఖరి రోజు, ఆ సాయంత్రానికి వాకిలి నిండా బతుకమ్మలు. మాస్కులు కట్టుకునే చుట్టూ తిరిగారు, మాస్కుల్లోంచే పాడారు. రెండేళ్ళ దిగులంతా ఆ చప్పట్లలో దులిపేసుకున్నట్టు ఆడారు. పక్క సొసైటీ గర్బా అమ్మాయిలు వచ్చి కలిశారు. కాకా, కాకీ కూడా వచ్చారు. మా మాట నమ్మక చూడటానికి వచ్చామని కాకానే చెప్పాడు. కాకీ బతుకమ్మ దగ్గరికి వెళ్ళి, తన చేలో కలుపును ముందు గుర్తుపట్టి, తర్వాత చేతులు జోడించింది. కాకా నా దగ్గరికొచ్చి గంభీరంగా, తన తమ్ముడి చేలో ఇంతకంటే ఎక్కువ ఉందని, వచ్చే ఏడు అక్కడికి రమ్మని చెప్పాడు.

కొత్త చీర ఆమె స్వప్న తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా" అంది. దసరా అయితే ఈ పిల్ల సచిన్ పోవాలని గుర్తొచ్చి నేను ముఖం తిప్పుకున్నాను.

మళ్ళీ ఉధనా

మేం తిరుగు రైలెక్కే రోజు పొద్దున్న స్వప్నతో నేను పోట్లాడాను. "ఆ పందెం ఏంది, పట్టింపు ఏంది? మీ నాయినతోని నేను మాట్లాడుత" అన్నాను.

"వద్దు టీచర్. నేను తెచ్చినయి కుళ్ళినయి. మాట మాటనే. మీరే గద మాకు నేర్పింది." దాంతో నాకింకా కోపమొచ్చింది.

మమ్మల్ని సాగనంపడానికి ఉత్త చేతులతో స్టేషన్‌కు వచ్చింది. నారు మళ్ళు, కోళ్ళు, ఎవరికి ఏ పని అప్పజెప్పాలో నరేశ్‌కు ఒక్కొక్కటే చెప్తోంది. వాడు అరటిపండు కూడా ఒలవకుండా వింటున్నాడు. రైలొచ్చింది. మేమెక్కి కూర్చున్నాం.

అప్పుడు ఓదెలు మెట్ల వంతెన దిగి వస్తూ కనపడ్డాడు. భుజాన స్వప్న బ్యాగు. తిన్నగా బోగీలోకి వచ్చి నా పక్క సీటు కింద పెట్టాడు.

"ఏంది బాపూ ఇది?" స్వప్న ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయింది.

ఓదెలు కిందికి దిగాడు. "నేనేమన్న? గునుగు తెస్తే నీ సంఘం నీదన్న. అన్ననా, లేదా?"

"అన్నవు. కని తెచ్చినయి ఖరాబైనయి గద."

"వాకిట్ల నిండ గునుగున్నది. నేను మోపులు గట్టిన. ఏ ఊరి గునుగని నేను షరతు వెట్టలే." కూతుర్ని రెక్క పట్టుకుని బోగీ మెట్టు ఎక్కించాడు. "సేఠ్‌కు నేను చెప్పుకుంట. పో."

రైలు కదిలింది. స్వప్నకు ఏడుపు ఆగడం లేదు. ఓదెలు కిటికీ పక్కనే నడుస్తూ నన్ను అడిగాడు. "టీచరమ్మా, ఎండకాలం సెలవు పెట్టుకోని నెల రోజులు వస్త. మీ సంఘంల నాసొంటోనికి జాగ ఉంటదా?"

"ముప్పై ఐదేండ్ల లోపలోళ్ళకే బాపూ" అంది స్వప్న, ఏడుస్తూనే. "టీచర్ రాసిన నియమం."

ఊరు చేరాక మొదటి మీటింగులోనే ఆ నియమం కొట్టేశాం. కొట్టేసిన గీత నాదే.